తొడుగు వేసుకున్న పత్రం

1998 ఫిబ్రవరిలో ఎక్స్ఎంఎల్ 1.0 ప్రమాణంగా వెలువడింది. అదే ఏడాది అక్టోబరులో, ఎక్స్ఎంఎల్ పత్రాన్ని కొమ్మలూ రెమ్మలూ గల చెట్టులా ప్రోగ్రాముకు అందించే 'డామ్' మొదటి స్థాయి వచ్చింది. చెట్టు ఎలా ఉండాలో అది వివరంగా చెప్పింది. పాఠాన్ని చదివి ఆ చెట్టును మొలిపించడం ఎలాగో మాత్రం చెప్పలేదు. తర్వాతి తలనొప్పులు చాలావరకు ఇక్కడే పుట్టాయి.

ఆ ఖాళీని బ్రౌజర్ల తయారీదారులు ఎవరికి వారే పూడ్చుకున్నారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో పత్రం ఒక యాక్టివ్ఎక్స్ ఆబ్జెక్ట్. 'లోడ్ఎక్స్ఎంఎల్' అంటే పాఠాన్ని చదువుకునేది. మొజిల్లాలో అదే పనికి 'డామ్‌పార్సర్' కావాలి. ఎక్స్‌పాత్ అనే వెతుకులాట భాషతో నోడ్లను వెతకాలంటే ఎక్స్‌ప్లోరర్‌లో 'సెలెక్ట్‌నోడ్స్', మొజిల్లాలో 'ఎవాల్యుయేట్'. పత్రంలో తప్పుంటే ఒకటి ఆ వివరాన్ని విడిగా 'పార్స్‌ఎర్రర్'లో పెట్టేది, రెండోది తప్పు సందేశాన్నే కొత్త పత్రంగా చేతికిచ్చేది. ట్యాగుల మధ్య ఖాళీలను సైతం మొజిల్లా నోడ్లుగా లెక్కవేసేది, ఎక్స్‌ప్లోరర్ మామూలుగా వదిలేసేది. అందుకే 'మొదటి బిడ్డ నోడ్' అని అడిగితే రెండు జవాబులు వచ్చేవి.

లేని మెథడ్‌ను పత్రానికే తగిలించవచ్చు కదా? మొజిల్లాలో కుదిరింది, సారిస్సా లైబ్రరీ అక్కడి పత్రాలకు 'సెలెక్ట్‌నోడ్స్' నేర్పింది. ఎక్స్‌ప్లోరర్ పత్రం మాత్రం యాక్టివ్ఎక్స్‌కు ఆధారమైన కామ్ ఆబ్జెక్ట్. బయటి నుంచి కొత్త మెథడ్ పెట్టబోతే ఒప్పుకోదు. రెండు చోట్లా మన సొంత మెథడ్లే కావాలంటే అసలు పత్రాన్ని ఒక క్లాస్ తొడుగులో దాచి, బయటి పిలుపులన్నీ ఆ క్లాస్ ద్వారానే పంపాలి. బ్రౌజర్ తేడాలన్నీ అప్పుడు ఒక్క ఫైల్లో ఇమిడిపోతాయి.

నా దృష్టిలో ఈ పనిలో అసలు నేర్పు తొడగడంలో కన్నా తొడుగును చివరిదాకా నిలబెట్టడంలో ఉంది. వెతుకులాట ఫలితంగా క్లాస్ ముడి నోడ్‌ను బయటికిచ్చిందా, దాచిన తేడాలన్నీ దాని వెంటే బయటపడతాయి. కాబట్టి నోడ్లకూ తొడుగు వేయాలి. 2006లో జాన్ రెసిగ్ విడుదల చేసిన జేక్వెరీ లైబ్రరీ ఈ పద్ధతినే ఇంటింటి మాట చేసింది: ఏది వెతికినా దొరికిన నోడ్ల గుంపు తొడుగుతోనే తిరిగొస్తుంది, దానిమీద వెంటనే మరో మెథడ్ పిలవచ్చు.

2011లో ఎక్స్‌ప్లోరర్ 9 కూడా 'డామ్‌పార్సర్'ను అందుకుంది. తొడుగు వేసుకున్నవారు క్లాస్ లోపల నాలుగు వరుసలు మార్చుకుంటే సరిపోయింది. 'ఎవాల్యుయేట్' మాత్రం ఎక్స్‌ప్లోరర్‌కు ఎన్నడూ రాలేదు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేదాకా, ఎక్స్‌పాత్ కోసం 'సెలెక్ట్‌నోడ్స్' దారిని కూడా తొడుగు లోపల ఉంచుకోవలసే వచ్చింది.