పాత కాగితపు నోట్ల పరీక్ష

మొదటి ప్రపంచ యుద్ధకాలమున వెండి కరవగుటచే, 1917వ సంవత్సరము నవంబరు 30వ తేదీన భారత ప్రభుత్వము ఐదవ జార్జి బొమ్మగల ఒక రూపాయి నోటును వెలువరించెను. అట్టి నోటు నొకదానిని మన విద్యార్థి యొకడు తాతగారి పెట్టెనుండి తీసి, ఉదికి, ఇస్త్రీ చేసి తెచ్చి నాకు చూపెను. ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధయే దాని విలువను చాలవరకు హరించినది.

ఏలయన, పరీక్షకులు మొదట చూచునది మడత. మడత పడినచోట కాగితపు నార విరుగును. ఇస్త్రీ ఆ గీతను మరుగుపరచునే గాని విరిగిన నారను అతుకజాలదు. దీపము నెదుట ఏటవాలుగా పట్టినచో అది మరల కానవచ్చును. ఉదికిన కాగితమో, బిఱుసుదనము పోయి పాతగుడ్డవలె మెత్తబడును. పిదప నోటును వెలుతురునకు అడ్డముగా నెత్తి నీటిగుర్తును, చీలికలను, అతుకులను వెదకవలెను. మూలలు గుండ్రబడినచో అది పలుచేతులు మారినదని యర్థము.

గుండుసూది రంధ్రముల మాట వేరు. మన దేశమున నోట్లను కట్టలుగా గ్రుచ్చి యుంచు వాడుక చిరకాల ముండెను గనుక, వాడని నోటునకును అవి యుండవచ్చును. సేకరించువారు వానిని కొంత క్షమింతురు.

మఱియొకటి. ఈ రూపాయి నోట్లను 25 చొప్పున పుస్తకములుగా కుట్టి యిచ్చిరి. చింపి తీయుటచే ఎడమ అంచు గరుకుగా నుండును. అది లోపము కాదు; కత్తెరతో సరిచేయుటయే లోపము. మన బాలుడు అంచును మాత్రము ముట్టలేదు.