దీపావళి ఎల్‌ఈడీ స్ట్రిప్ చివర ఎర్రబడిందా? రిటర్న్ పెట్టేముందు వైరింగ్ చూడండి

పోయినేడు దీపావళికి మా బాల్కనీ రెయిలింగ్‌కి 5 మీటర్ల డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్ కట్టాను. ఫోన్‌లో రెయిన్‌బో ఎఫెక్ట్ పెట్టినంతసేపూ అదిరింది. కింద ఫ్లాట్ పిల్లలు వచ్చి మరీ చూశారు. ఇంతలో అమ్మ, “ఆ రంగులు చాల్లేరా, దీపాలు పెట్టేటప్పుడు కాసేపు తెల్ల లైటు వెయ్యి” అంది. వేశా. మొదటి మీటరు తెల్లగా, మధ్యలో పసుపుగా, చివరికొచ్చేసరికి ఇటుక రంగులో వెలిగింది.

“కొత్తదేగా, అప్పుడే పాడైందా?” అంది అమ్మ. నాకూ అదే అనిపించి రిటర్న్ పెడదామని యాప్ తెరిచా. ఈలోపు స్ట్రిప్ మొదట్లో ఉన్న కనెక్టర్ తగిలి చెయ్యి చురుక్కుమంది. సన్న వైరు మీది ప్లాస్టిక్ అప్పటికే మెత్తబడిపోయింది. వెంటనే స్విచ్ ఆపేశా. బీటెక్‌లో ఓమ్స్ లా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, ఇంట్లో మాత్రం లెక్క వెయ్యలేదు.

ఆ లెక్క ఇదీ. ఒక్కో ఎల్‌ఈడీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి. ఒక్కో రంగు సుమారు 20 మిల్లీయాంప్స్ లాగుతుంది, అంటే ఫుల్ వైట్‌లో 60. మీటరుకి 60 ఎల్‌ఈడీల రకమైతే 5 మీటర్లకి 300. మొత్తం 18 యాంప్స్, అంటే 90 వాట్స్! స్ట్రిప్‌తో వచ్చే ఆ చిన్న కనెక్టర్ 3 యాంప్స్ స్థాయిది. రెయిన్‌బోలో మూడు రంగులూ ఒకేసారి ఫుల్‌గా వెలగవు కాబట్టి సమస్య బయటపడలేదు.

మరి ఎరుపే ఎందుకు మిగిలింది? స్ట్రిప్‌లోని రాగి పట్టీ చాలా పల్చన. కరెంటు చివరిదాకా వెళ్లేలోపు వోల్టేజ్ పడిపోతుంది. నీలం, ఆకుపచ్చ వెలగాలంటే దాదాపు 3 వోల్టులు కావాలి, ఎరుపుకి 2 చాలు. అందుకే ఆ రెండూ ముందు డల్ అవుతాయి. స్ట్రిప్ మంచిదే, దానికి తిండి అందట్లేదంతే.

దీనికి మందు పవర్ ఇంజెక్షన్. పేరు పెద్దదిగానీ పని చిన్నదే. సప్లై నుంచి విడిగా 1.5 స్క్వేర్ ఎంఎం వైర్లు, ఇంటి వైరింగ్‌కి వాడేవే, లాగి స్ట్రిప్ మొదట్లోనూ చివర్లోనూ ప్లస్, మైనస్ సోల్డర్ చెయ్యాలి. 10 మీటర్లయితే మధ్యలో కూడా. డేటా వైరు మాత్రం ఒక్క వైపు నుంచే, స్ట్రిప్ మీది బాణం గుర్తు చూపించే దిశలో వెళ్లాలి. కంట్రోలర్ గ్రౌండ్‌ని సప్లై మైనస్‌తో కలపాల్సిందే. ఇది మర్చిపోతే లైట్లు పిచ్చి పట్టినట్టు మిణుకుమంటాయి, మీరేమో రాత్రంతా కోడ్‌లో బగ్ వెతుక్కుంటారు. అనుభవంతోనే చెప్తున్నా.

ఈఎస్‌పీ32 వాడితే ఇంకో తిరకాసు ఉంది. అది ఇచ్చే సిగ్నల్ 3.3 వోల్టులు, 5 వోల్టుల మీద నడిచే స్ట్రిప్ లెక్క ప్రకారం 3.5 అడుగుతుంది. వైరు పొట్టిగా ఉంటే చాలాసార్లు నడిచిపోతుంది. దూరం పెరిగితే మాత్రం 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ పెట్టుకోండి. డేటా లైన్లో ఒక 330 ఓమ్స్ రెసిస్టర్ కూడా.

నా సప్లై ఇప్పుడు 10 యాంప్స్‌ది. డబ్ల్యూఎల్ఈడీ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, అందులో కరెంటు లిమిట్ 8 యాంప్స్‌కి పెట్టా. బ్రైట్‌నెస్ తగ్గినా బాల్కనీకి ఎక్కువే. ఒకటి గుర్తుంచుకోండి, ఆ సాఫ్ట్‌వేర్ కరెంటుని కొలవదు, రంగుల్ని బట్టి అంచనా వేస్తుంది. షార్ట్ అయితే అది ఏమీ చెయ్యలేదు. అందుకే సప్లై ప్లస్ దగ్గర 10 యాంప్స్ ఫ్యూజ్ ఉండాలి. బైకుల్లో వాడే బ్లేడ్ ఫ్యూజ్ సరిపోతుంది. ఎస్ఎంపీఎస్ స్క్రూల మీద 230 వోల్టులు ఉంటాయి, కాబట్టి దాన్ని వాన తగలని చోట మూత ఉన్న బాక్స్‌లో పెట్టి ఎర్త్ కలపండి. పండగ రోజు పిల్లల చేతులు ఎక్కడికైనా వెళ్తాయి.

ఇప్పుడే కొనబోయేవాళ్లకి నా ఓటు 12 వోల్టుల డబ్ల్యూఎస్2815కే. కరెంటు తక్కువ లాగుతుంది, మధ్యలో ఒక ఎల్‌ఈడీ పోయినా మిగతావి ఆగకుండా బ్యాకప్ డేటా లైన్ కూడా ఉంటుంది.

ఏది కొన్నా, రెయిలింగ్‌కి కట్టేముందు నేల మీద పరిచి తెల్ల లైటుతో పది నిమిషాలు నడిపి, కనెక్టర్లు, వైర్లు పట్టుకుని చూడండి. రీల్‌కి చుట్టి ఉండగా మాత్రం ఫుల్ వైట్ వెయ్యొద్దు, వేడెక్కిపోతుంది.