సింగలీలాలో స్వచ్ఛంద సేవ: చెత్త ఏరడంతో పాటు లెక్క రాయడమూ ముఖ్యమే

ఖరగ్‌పూర్ ప్రేమ్ బజార్ నుంచి డార్జిలింగ్ కొండలకు ప్రయాణమయ్యే వారిని ఆకర్షించే ప్రదేశాలలో సందక్‌ఫూ ఒకటి. 3,636 మీటర్ల ఎత్తుతో పశ్చిమ బెంగాల్‌లో అత్యున్నతమైన ఈ శిఖరానికి దారి సింగలీలా జాతీయ ఉద్యానవనం మీదుగా సాగుతుంది. ఆ అడవి పరిరక్షణకు తోడ్పడదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి.

ఎందుకు కాపాడాలి?

నేపాల్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ అడవికి 1992లో జాతీయ ఉద్యానవన హోదా లభించింది. విస్తీర్ణం సుమారు 78 చదరపు కిలోమీటర్లే. ఇక్కడి వెదురు పొదలే ఎర్ర పాండాకు ప్రధాన ఆహారం. డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు జంతు ప్రదర్శనశాలలో పెరిగిన మిని, స్వీటీ అనే రెండు ఆడ పాండాలను 2003లో ఇక్కడ విడిచిపెట్టారు. మిని క్రూరమృగం వాతపడింది. స్వీటీ మాత్రం అడవిలోనే పిల్లను కన్నది. ఆ జంతు ప్రదర్శనశాలకు పేరైన పద్మజా నాయుడు హైదరాబాద్‌కు చెందినవారు, పశ్చిమ బెంగాల్ మాజీ గవర్నర్.

స్వచ్ఛంద సేవకులు ఏం చేయవచ్చు?

2018 మే 26న హిమాలయ రాష్ట్రాలలో ఒకేరోజు చేపట్టిన 'హిమాలయన్ క్లీనప్' ఇందుకు మంచి నమూనా. అందులో పాల్గొన్నవారు చెత్తను ఏరి ఊరుకోలేదు. ఏ రకం ప్లాస్టిక్, ఏ కంపెనీ పొట్లం అన్నది విడదీసి నమోదు చేశారు. ప్యాకింగ్ వ్యర్థాల సేకరణకు ఉత్పత్తిదారులనే బాధ్యులను చేస్తూ 2016లో నిబంధనలు వచ్చాయి. ఆ బాధ్యతను గుర్తుచేయడానికి ఇటువంటి లెక్కలే ఆధారమవుతాయి.

ఏం చేయకూడదు?

అటవీ శాఖ అనుమతి, స్థానిక గైడ్ లేకుండా అడవిలోకి వెళ్లరాదు. వర్షాకాలంలో ఉద్యానవనాన్ని మూసివేస్తారు. పెంపుడు కుక్కలను వెంట తీసుకువెళ్లరాదు, వీధి కుక్కలను ఆహారంతో దారి పొడవునా వెంట తిప్పుకోరాదు. కుక్కల నుంచి సోకే డిస్టెంపర్ వ్యాధి ఎర్ర పాండాకు ప్రాణాంతకం. బయటి విత్తనాలు, మొక్కలు నాటడమూ మేలు కన్నా కీడే చేస్తుంది.

సేవ ప్రయాణానికి ముందే ఇంటివద్ద మొదలవుతుంది. తినుబండారాలను పొట్లాలలో కాక డబ్బాలలో తీసుకువెళ్లడం, మిగిలిన చెత్తను కొండపై వదలక తిరిగి తెచ్చుకోవడం ప్రతి పర్యాటకునికీ సాధ్యమే.