మీకు తెలుసా? స్పుత్నిక్ కన్నా ముందే పుట్టిన ‘అంతరిక్ష’ అక్షరం

అంతరిక్ష సినిమాల్లో రేపటి లోకానికి గుర్తుగా కనిపించే పలకల్లాంటి ఇంగ్లిష్ అక్షరాలు, మనిషి తొలి ఉపగ్రహం స్పుత్నిక్‌ను పంపడానికి ఐదేళ్ల ముందే, 1952లో సీసపు అచ్చులుగా తయారయ్యాయి!

● పేరు మైక్రోగ్రామా. ఇటలీలోని టురిన్ నగరంలో, అచ్చు అక్షరాలతో పాటు అచ్చు యంత్రాలు కూడా తయారుచేసిన నెబియోలో ఫౌండ్రీ దీన్ని విడుదల చేసింది. గీసినవారు అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవారెసె.

● ఇందులో ‘ఓ’ అక్షరం గుండ్రంగా ఉండదు. నాలుగు వైపులూ దాదాపు తిన్నగా సాగి, మూలల దగ్గర మాత్రమే వంపు తిరుగుతుంది. అచ్చం ఆనాటి టీవీ తెర ఆకారం! బోల్డ్ ఎక్స్‌టెండెడ్ రకంలో అక్షరాలు మందంగా, అడ్డంగా సాగి ఉంటాయి. అందుకే యంత్రాల మీది పేరుపలకలా దిట్టంగా కనిపిస్తాయి.

● మైక్రోగ్రామాలో అన్నీ పెద్దబడి అక్షరాలే. చిన్నబడి అక్షరాలు లేకపోవడంతో శీర్షికలకు, లేబుళ్లకు తప్ప పెద్దగా పనికొచ్చేది కాదు. ఆ లోటు తీరుస్తూ నొవారెసె 1962లో యూరోస్టైల్ రూపొందించారు. 1968లో వచ్చిన స్టాన్లీ కుబ్రిక్ సినిమా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో ఈ యూరోస్టైల్ కనిపిస్తుంది. ఆ తర్వాత ఎన్నో సైన్స్ ఫిక్షన్ సినిమాలు అదే బాట పట్టాయి.