కౌన్సిలర్ చెప్పవలసిన లెక్క, మనం అడగవలసిన ప్రశ్న

ఓటు వేసినప్పుడు వేలికి పెట్టిన సిరా కొన్ని వారాల్లో చెరిగిపోతుంది. ఓటరుకూ గెలిచిన అభ్యర్థికీ ఉన్న సంబంధం కూడా దానితోపాటే చెరిగిపోవాలా? మన ఊళ్ళలో చాలామంది అనుభవం అలాగే ఉంది. ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగినవారు ఆ తర్వాత పెళ్ళిళ్ళలోనో, జనాజాల్లోనో కనిపిస్తారు. అక్కడ మురుగుకాలువ సంగతి ఎత్తడం మర్యాద కాదని మనం ఊరుకుంటాము. అలా అయిదేళ్ళూ గడిచిపోతాయి.

2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు మా వార్డు మహిళకు కేటాయించబడింది. గెలిచినావిడ ఒకప్పుడు మా దగ్గర చదువుకున్న అమ్మాయే. ఏడాది తర్వాత ఒకరోజు, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పాఠశాల వరండాలో అందరూ కూడాలని ఆమె కబురు పంపింది. యాభై అరవై మంది చేరాము. ఆడవాళ్ళు ఒకపక్క చాపల మీద కూర్చున్నారు.

ముందుగా ఆమె భర్త మాట్లాడటానికి లేచాడు. చాప మీది ఒక ముసలమ్మ ఊరుకోలేదు. "నీకెవరు ఓటేశారు బాబూ? మేము వేసింది మా బేటీకి. ఆమెనే చెప్పనీ" అన్నది. అందరూ నవ్వారు. ఆయన కూర్చున్నాడు. ఆమె మా వైపు చూసి, "ఉస్తాద్ గారూ, తప్పుంటే దిద్దండి" అంటూ చేతిలోని నోటుబుక్కు తెరిచింది.

అయినవి, కానివి, చేతిలో లేనివి

ఆమె ఉపన్యాసం చేయలేదు. విషయాలను మూడు భాగాలుగా రాసుకొచ్చింది. అయిన పనులు త్వరగానే ముగిశాయి. వీధి దీపాలు మారాయి, ఒక కల్వర్టు బాగయింది. తర్వాత తన చేతిలో లేని సంగతి చెప్పింది. ఇంటి పన్ను ఎందుకు పెరిగిందని అందరూ అడుగుతున్నారు. ఇదివరకు ఏడాది అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. 2021-22 నుండి ఆస్తి మూలధన విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి ఉంది. ఇది రాష్ట్రం చేసిన చట్టం, వార్డు సభ్యురాలు తగ్గించలేదు. "కొలతలు తప్పుగా వేసి ఉంటే మాత్రం అర్జీ పెట్టండి, రాసిపెట్టడానికి నేనొస్తాను" అన్నది. నచ్చకపోయినా జనం విన్నారు.

అసలు బాధ నీళ్ళది. మా వీధిలో మంచినీటి గొట్టం మురుగుకాలువ లోపలి నుండే పోతున్నది. నీళ్ళు వచ్చేది రోజుకు గంటసేపు. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులు ఉంటే బయటి మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలోకి వచ్చేది అదే. ఆ వేసవిలో మా వీధి పిల్లలు కొందరు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో పడుకున్నారు.

"గొట్టం మార్చమని ఆరు నెలల క్రితం కాగితం ఇచ్చాను. అంచనా తయారైంది. కౌన్సిల్‌లో తీర్మానం కాలేదు. నేను పట్టుబట్టి అడగలేదు. అది నా తప్పే" అన్నది ఆమె. ఎవరూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో ఒక ప్రజాప్రతినిధి నోట ఈ మాట వినడం మాకు అదే మొదటిసారి.

అడిగే మనిషి లేకపోతే

ఇదేమంత పెద్ద విషయమని ఎవరైనా అనవచ్చు. 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో, ఆనందపేట పరిసరాల్లో కలుషితమైన నీరు తాగి ఎంతోమంది అతిసారం బారిన పడ్డారు. పలువురు చనిపోయారు. ఆ నగరంలో 2010 నుండి ఎన్నికైన పాలకమండలి లేదు. 2021లో గాని ఎన్నికలు జరగలేదు. కార్పొరేటర్ ఉండి ఉంటే ఆ విషాదం జరిగేదే కాదని మేము అనము. కానీ నీళ్ళు వాసన వస్తున్నాయని తలుపు తట్టి చెప్పుకోవడానికి వీధికి ఒక మనిషి ఉండేవారు కదా!

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరులో వచ్చాయి, ఇంకా కౌన్సిలర్ ఎందుకని కొందరు అడుగుతారు. ఉద్యోగి పై అధికారికి జవాబు చెప్పుకుంటాడు. కౌన్సిల్‌లో చెయ్యెత్తే హక్కు అతనికి లేదు. కౌన్సిలర్ జవాబు చెప్పవలసింది మనకు.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు అయిదేళ్ళ గడువు నిర్ణయించింది. నీటి సరఫరా, పారిశుద్ధ్యం సహా 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. అయితే వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట్లకే. మాలాంటి చిన్న పట్టణంలో కౌన్సిలర్ జనాన్ని కూర్చోబెట్టి లెక్క చెప్పాలని ఆ సవరణ నిర్బంధించదు. కనుక అది ఆమె నిజాయితీ మీదా, మన అడగడం మీదా ఆధారపడి ఉన్నది.

ఎలా అడగాలి?

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. మేము కౌన్సిలర్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఒకరి పింఛను కోసమో, ఒకరి జనన ధ్రువపత్రం కోసమో వెళ్ళాము. వీధి మొత్తానికి చెందిన పని అడగటానికి ఒక్కసారీ వెళ్ళలేదు. పదవి అమానత్ అని పిల్లలకు పాఠం చెబుతూనే, ఆ అమానత్ లెక్క మాత్రం అడగలేదు.

ఏ పనికైనా ఒక వరస ఉంటుంది. మొదట అర్జీ, తర్వాత ఇంజనీర్ అంచనా, కౌన్సిల్ తీర్మానం, టెండరు, పని ఉత్తర్వు, కొలతల పుస్తకం, చివరకు బిల్లు. "మా పని ఎప్పుడవుతుంది?" అని అడిగితే "అవుతుంది" అనే జవాబు వస్తుంది. "ఏ మెట్టు దగ్గర ఆగింది? ఏ తేదీ నుండి?" అని అడిగితే కాగితం చూసి చెప్పవలసి వస్తుంది. చెప్పకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. పేదరిక రేఖకు దిగువనున్నవారికి రుసుము కూడా లేదు. నీటి విషయంలో ఇంకో ప్రశ్న ఉంది. కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీ వీధి చివరి కుళాయి దగ్గర ఎప్పుడు పరీక్షించారో అడగండి. అంతవరకు నీళ్ళు మరిగించి తాగండి.

ఆ సాయంత్రం తర్వాత మేము కొందరము ప్రతి నెలా ఆమె దగ్గరకు వెళ్ళాము. తీర్మానం అయింది. టెండరు ఆలస్యమైంది. చివరకు వీధి సగం వరకు గొట్టం కాలువలో నుండి బయటికి వచ్చింది. మిగతా సగానికి మళ్ళీ అర్జీ పెట్టాము. ఆమె మరోసారి అదే వరండాలో, అదే నోటుబుక్కుతో నిలబడి, సగమే అయిందని తానే ముందు చెప్పింది. ముసలమ్మ మాత్రం వదల్లేదు. "మా ఇల్లు ఆ మిగిలిన సగంలోనే ఉంది బేటీ, తేదీ చెప్పు" అన్నది.

మీ వార్డులో అలాంటి వరండా ఒకటి ఉండే ఉంటుంది. కౌన్సిలర్ పిలవకపోతే మీరే పిలవండి.