గొలుసు రంపముల బలాబలములు

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు నగరమునందలి చెట్లు లెక్కకు మిక్కిలిగా నేలకొరిగినవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టినది. ఇట్టి ఆపదల పిమ్మట దారులు తెరచుటకును, ఇండ్లపై ఒరిగిన మ్రాకులను తొలగించుటకును వచ్చు దళములవారి చేతులలో మనకు కనబడు పనిముట్టు గొలుసు రంపము. ఇద్దరు మనుష్యులు చెరియొక కొసను పట్టి పూటయంతయు కోయవలసిన మొద్దును ఇది కొలది నిమిషములలో ముక్కలు చేయును.

గొడ్డలికిని చేతిరంపమునకును అలవాటుపడిన మన పల్లెలలో సైతము నేడు ఈ యంత్రము మ్రోగుచున్నది. వృత్తిగా చెట్లు కోయువారికొరకు చేసిన రంపములలో ఏది మేలు అని అడిగినచో అంగడిలో దొరకు జవాబు సాధారణముగా ఒక్కటే: దీనికి ఇన్ని అశ్వశక్తులు, దానికి అన్ని. ఆ జవాబు అబద్ధము కాదు గాని, అది ప్రశ్నలో మూడవవంతునకే సమాధానము. బలమెంత, చేతికి ఎట్లు ఒదుగును, ఎన్నాళ్ళు మన్నును అను మూడు విషయములను కలిపి చూచినగాని రంపముల తారతమ్యము తేలదు. ఆ మూటిని ఈ ప్రసంగమున వరుసగా విచారింతము.

ముందుగా ఈ యంత్రము పనిచేయు విధము. వెనుక చిన్న పెట్రోలు ఇంజను, ముందు పొడవైన ఉక్కు పలక. ఆ పలకను బారు అందురు. బారు అంచు పొడవునను ఒక గాడి యుండును. ఆ గాడిలో సైకిలు గొలుసును పోలిన గొలుసు పరుగెత్తును. గొలుసు లంకెలలో కొన్నిటికి పదునైన పండ్లుండును. ఇంజను టూ స్ట్రోక్ జాతికి చెందినది. వెనుకటి స్కూటర్లలో పెట్రోలుతోపాటు నూనె కలిపి పోయుట పెద్దలకు జ్ఞాపకముండును. ఇదియు అట్టిదే. నేటి మంచి రంపములకు లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల నూనె కలుపుదురు. ఇంజను నిమిషమునకు 10,000 చుట్లు తిరుగునపుడు, ఏడు పండ్ల చక్రముపై నడచు సామాన్యమైన కొలత గొలుసు సెకనుకు 22 మీటర్ల వేగమున పోవును. అనగా గంటకు 80 కిలోమీటర్లు. పనివాని చేతికి మూరెడు దూరమున కత్తులు ఈ వేగముతో పరుగెత్తుచుండునని గుర్తుంచుకొన్నచో, ఇక చెప్పబోవు సంగతులన్నియు సులభముగా బోధపడును.

ఈ రంపము యూరపు ఖండపు అడవులలో పెరిగినది. జర్మనీలో ఆంద్రియాస్ ష్టిల్ అను ఇంజనీరు 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును చేసెను. దానిని ఇద్దరు మనుష్యులు పట్టవలసి వచ్చెడిది. మరుసటి యేట ఎమిల్ లేర్ప్ అను మరియొక జర్మను తన పెట్రోలు రంపమును థురింగియాలోని డోల్మార్ అను కొండపై పరీక్షించి, తన యంత్రములకు ఆ కొండ పేరే పెట్టెను. స్వీడనులో 1689లో తుపాకుల కర్మాగారముగా మొదలైన హుస్క్‌వర్నా సంస్థ 1959లో తన మొదటి గొలుసు రంపమును వెలువరించెను. అదే సంవత్సరమున ష్టిల్ సంస్థవారి కాంట్రా అను రంపము వచ్చినది. దాని బలము 6 అశ్వశక్తులు, బరువు 12 కిలోలు. ఒక్క మనిషి మోయగల రంపముగా అది ఆనాడు పేరు పొందినది. 2019లో అదే సంస్థ విక్రయమునకు తెచ్చిన ఎం.ఎస్. 500ఐ అను రంపము బరువు 6.2 కిలోలు, బలము 6.8 అశ్వశక్తులు. అరువది సంవత్సరములలో బరువు సగమై, బలము కొంచెము పెరిగినది. ఈ రెండు అంకెలలో పెద్ద మార్పు ఏది? బలము కాదు, బరువు. రంపముల చరిత్ర యంతయు దాదాపు ఇదే కథ.

ఇక నేటి పోటీదారులను ప్రక్కప్రక్కన నిలిపి చూతము. వృత్తి రంపములలో చిన్న తరగతి 50 సి.సి. ఇంజనులది. కొమ్మలు నరుకుటకు, నడిమితరపు మ్రాకులను పడవేయుటకు ఇది చాలును. ఇందులో ష్టిల్ వారి ఎం.ఎస్. 261 బలము 3 కిలోవాట్లు, బరువు 4.9 కిలోలు. హుస్క్‌వర్నా వారి 550 ఎక్స్.పి. మార్క్ 2 బలము కూడ 3 కిలోవాట్లే, బరువు 5.3 కిలోలు. 3 కిలోవాట్లనగా సుమారు 4 అశ్వశక్తులు. పెద్ద మ్రాకులకు వాడు 70 సి.సి. తరగతిలో ష్టిల్ ఎం.ఎస్. 462 బలము 4.4 కిలోవాట్లు, బరువు 6 కిలోలు. హుస్క్‌వర్నా 572 ఎక్స్.పి. బలము 4.3 కిలోవాట్లు, బరువు 6.6 కిలోలు. ఈ బరువులన్నియు బారు, గొలుసు, పెట్రోలు, నూనె లేక తూచినవి. అవి చేరినపుడు పెద్ద రంపమునకు మరి రెండు కిలోలు కలుపుకొనవలెను.

ఈ అంకెలను బట్టి బలమున హెచ్చుతగ్గులు లేవనియే చెప్పవలెను. చిన్న తరగతిలో అవి సరిసమానము. పెద్ద తరగతిలో కిలోవాటులో పదవవంతు భేదము మొద్దు కోయువాని అనుభవమునకు వచ్చునది కాదు. కాని పదును పోయిన గొలుసు ఈ భేదమునకు ఎన్నో రెట్లు బలమును హరించును. గొలుసు పంటి ముందు ఒక చిన్న మెట్టు వంటి భాగముండును. అది పంటికంటె సుమారు 0.65 మిల్లీమీటరు పల్లముగా నుండి, పన్ను ఒక్క కోతకు ఎంత లోతు దిగవలెనో నిర్ణయించును. ఆకురాయితో పంటిని సానపట్టి ఈ కొలతను సరిచూచుకొన్నచో రంపము తనంతట తానే కొయ్యలోనికి దిగిపోవును. లేనిచో పనివాడు తన బరువంతయు మోపి నొక్కవలసి వచ్చును. నేటి గొలుసు పంటి ఆకారమును కనిపెట్టినవాడు అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రమున అడవిపని చేసిన జోసెఫ్ కాక్స్. కొయ్యను తొలుచు పురుగు తన దవడలను కుడికిని ఎడమకును ఆడించుచు తినుటను గమనించి, ఆ పద్ధతినే అనుసరించి 1947లో ఆయన గొలుసు తయారుచేసెను. కావున బలము ఇంజనులో పుట్టుననుట నిజమే గాని, అది మ్రానునకు చేరునది పంటి పదును ద్వారముననే. కొబ్బరి మొద్దుల పీచు ఈ పదునును త్వరగా పోగొట్టును. మన తీరమున పనిచేయువారు ఆకురాయిని జేబులో నుంచుకొనవలసినదే.

రెండవ విషయము చేతి ఒదుగు. నాలుగువందల గ్రాముల భేదము అంగడి బల్లపై స్వల్పముగా తోచును. కాని పనివాడు దినమున ఎన్ని వందలసార్లు రంపమును ఎత్తి దింపునో యోచించినచో అది స్వల్పము కాదు. ఈ లెక్కన ష్టిల్ రంపములకు కొంత మొగ్గు కలదు. అయినను తూకము ఒక్కటే చాలదు. బరువు ముందువైపు వ్రాలునా, వెనుకకు వ్రాలునా, ముందుపిడిపై నిలుచునా అనునది ముఖ్యము. అవసరమునకు మించిన పొడవు బారు తగిలించినచో తేలికైన రంపము సైతము ముక్కు బరువై మణికట్టును లాగును. చిన్న తరగతికి 40 సెంటీమీటర్లు, పెద్ద తరగతికి 50 సెంటీమీటర్ల బారు సాధారణమైన పనికి చాలును. కొనదలచినవాడు రంపమును బారుతోను, నూనెతోను నింపించి పది నిమిషములు చేతబట్టి చూచుట ఏ పట్టికకన్నను మేలు.

చేతికి సంబంధించిన మరియొక విషయము కంపము. 1960 దశకమున బ్రిటను, జపాను మున్నగు దేశముల అడవిపనివారిలో ఒక వింత వ్యాధి విస్తారముగా కనబడినది. చలిపట్టున వారి వ్రేళ్ళు నెత్తురు తొలగి సున్నమువలె తెల్లబారెడివి. పిమ్మట స్పర్శ నశించెడిది. చొక్కా గుండీ పెట్టుకొనుట కూడ వారికి కష్టమయ్యెడిది. జపానులో దీనికి తెల్లమైనపు వ్యాధి యని పేరు వచ్చినది. ఏళ్ళ తరబడి గొలుసు రంపపు అదురు చేతుల నరములను, రక్తనాళములను చెరచుటయే దీనికి కారణము. అందువలననే నిర్మాతలు పిడులను ఇంజనునుండి వేరుచేసి నడుమ రబ్బరు దిమ్మలను, తరువాత ఉక్కు స్ప్రింగులను అమర్చిరి. నేడు పైన చెప్పిన రెండు సంస్థల వృత్తి రంపములును ఈ విషయమున జాగ్రత్తగా చేసినవే. యూరపు సమాజము 2002లో చేసిన శాసనము ప్రకారము, ఎనిమిది గంటల పనిదినమునకు లెక్కించిన చేతికంపము, సెకను వర్గమునకు మీటర్ల లెక్కన, 2.5 దాటినచో యజమాని జాగ్రత్తలు తీసుకొనవలెను. 5 దాటనే కూడదు. రంపము కొనువారు అశ్వశక్తిని అడిగినట్లే ఈ అంకెను కూడ అడుగవలెను. మొండి గొలుసు, అరిగిన రబ్బరు దిమ్మలు మంచి రంపమును సైతము చేతులు చెరచు రంపముగా మార్చునని మరువరాదు.

బారు కొన పైభాగము కొయ్యకు తగిలినచో రంపము రెప్పపాటున పనివాని ముఖము మీదికి ఎగయును. దీనిని అరికట్టుటకు ముందుపిడి యెదుట ఒక అడ్డుపలక అమర్చియుందురు. చేయి తగిలినను, ఎగసిన ఊపుచేతనైనను అది ముందుకు వంగి గొలుసును సుమారు సెకనులో పదవవంతు కాలమున నిలిపివేయును. ఈ బ్రేకు పనిచేయని రంపము ఎంత బలము కలదైనను పనికిరానిది.

మూడవది మన్నిక. వృత్తి రంపమునకును ఇంటివాడకపు చౌక రంపమునకును గల భేదము లోపల నున్నది. వృత్తి రంపములో ఇంజను మెగ్నీషియము లోహపు పెట్టెలో కూర్చుండును. విడదీసి ఏ భాగమునకు ఆ భాగము మార్చుకొనవచ్చును. చౌక రంపములలో ప్లాస్టిక్కు పాలు ఎక్కువ. పోటీదారులు ఇరువురును దుమ్ముతో పోరాడు మార్గములు వేరు. హుస్క్‌వర్నా వారు ఇంజను చక్రపు విసురుతో గాలిలోని పెద్ద రేణువులను ముందే వెలికి నెట్టుదురు. ష్టిల్ వారు సన్నని రంధ్రములు గల వడపోతపై ఎక్కువ ఆధారపడుదురు. ఇరువురి రంపములలోను పెట్రోలు, గాలి పాళ్ళను ఎలెక్ట్రానిక్ సాధనము తానే సరిచేయును. ఏ పద్ధతియైనను, సాయంకాలము వడపోతను దులిపి శుభ్రపరచు చేయి లేనిచో పిస్టను అరుగుట తప్పదు. నేడు మన పెట్రోలులో ఇథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును. కావున నెలల తరబడి రంపమును వాడనపుడు తొట్టిని ఖాళీచేసి యుంచవలెను.

మన్నికలో మరియొక భాగము రంపము వెలుపల నున్నది. కొండ పేరు గల ఆ డోల్మార్ సంస్థ 1991లో జపానుకు చెందిన మకీటా వశమైనది. మకీటా వారు 2022లో పెట్రోలు ఇంజనుల తయారీనే విరమించి, బ్యాటరీ పనిముట్లవైపు తిరిగిరి. డోల్మార్ రంపములు గట్టివని పేరున్నవే. అయినను వాటిని నమ్ముకొన్నవారికి విడిభాగముల చింత పట్టుకొనుట సహజము. దీనినుండి నేర్చుకొనవలసినది ఇది: నూరు కిలోమీటర్ల లోపున విడిభాగము దొరకి, విప్పి బిగించుట తెలిసిన మేస్త్రీ యున్న రంపమే మనకు మన్నిక గల రంపము. రెండు గొప్ప పేర్లలో ఏది మేలని అడిగినవారికి మా సమాధానము ఇంతే. బలమున అవి సమానము. బరువున ఒకటి కొంచెము తేలిక. తుది తీర్పు మాత్రము మీ ఊరికి దగ్గరనున్న మరమ్మతు దుకాణము చెప్పవలెను.

గృహస్థులలో రంపము కొనువారు కొలదిమంది. కోయువారిని పిలిపించుకొనువారు పెక్కుమంది. వారికొక మాట. వచ్చిన మనిషి రంపము ఎన్ని అశ్వశక్తులదని అడుగనక్కరలేదు. మొదటి కోతలో వెలువడు పొట్టును చూడుడు. పలుకులు పలుకులుగా రాలినచో గొలుసు పదునైనది. పిండివలె రాలినచో అది మొండిదైనదనియు, కొంతసేపు ఆగి సానపట్టుకొనుమని చెప్పవలెననియు అర్థము. కోత మొదలుపెట్టకముందే గొలుసు బ్రేకు ఒకమారు చూపించుమనుడు. తలకు టోపీ, కండ్లకు అడ్డము, చెవులకు మూతలు, కాళ్ళకు గట్టి జోళ్ళు ఉన్నవా యని చూడుడు. ఈ రంపపు ధ్వని నూరు డెసిబెళ్ళను మించును. చెవిమూతలు లేక దినదినము వినువాని వినికిడి పోవుట తథ్యము. పిల్లలను చెట్టు పొడవునకు రెండింతల దూరమున నిలుపుడు. పనివాడు నడుమ నడుమ ఆగి చేతులు రాచుకొనుట సోమరితనము కాదు. ఆ విరామమునకు కూలి తగ్గింపకుడు. చెట్టు ఒక పూటలో తొలగిపోవును. ఆ చేతులు మాత్రము అతనికి జీవితమంతయు కావలెను.