పట్టకున్నను ఔటే

క్రికెట్టు ఆటయందు పైకెగసిన బంతిని చేజార్చిన ఆటగానికి చీవాట్లు తప్పవు. బంతిని పట్టుట లాభము, విడుచుట నష్టము. ఇందు సందేహమునకు తావులేదు. కాని సాఫ్ట్‌బాల్ ఆటయందు సులభముగా పట్టదగిన బంతిని కావలెననియే నేలపాలు చేసి, ఒక్కనికి బదులు ఇద్దరిని ఔటు చేయగల సందర్భ మొకటి కలదు. అట్టి కపటమును అరికట్టుటకై ఏర్పడినదే ‘ఇన్‌ఫీల్డ్ ఫ్లై’ నియమము. దీని ప్రకారము బంతి ఇంకను గాలిలో నుండగనే, ఎవరును దానిని పట్టకమునుపే, అంపైరు బ్యాటరు ఔటని ప్రకటించును. ఆటల నియమములలో ఇంత వింతయైనది అరుదు.

సాఫ్ట్‌బాల్ 1887వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున పుట్టినది. నవంబరు మాసపు చలిలో ఒక పడవల క్లబ్బున చేరిన యువకులు బాక్సింగు చేతితొడుగును గట్టిగా కట్టి బంతిగా చేసికొని, చీపురుకఱ్ఱతో కొట్టుచు, ఇంటిలోపలనే బేస్‌బాల్ వంటి ఆట ఆడిరట. ‘సాఫ్ట్’ అనగా మెత్తనిదని అర్థము. నేటి బంతి మాత్రము ఏమంత మెత్తనిది కాదు. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు ఈ ఆట తొలిసారిగా ఏర్పాటు చేయబడినది. మన పాఠశాలల పోటీలలోను ఇది కలదు.

ఈ నియమము బోధపడుటకు ఆటలోని కొన్ని సంగతులు తెలియవలయును. మైదానమున ఒక్కొక్క ప్రక్క 60 అడుగులు గల చతురస్ర ముండును. దాని ఒక మూలను హోమ్ ప్లేటు, మిగిలిన మూడు మూలలను మూడు బేసులు. బ్యాటరు హోమ్ ప్లేటుకడ నిలిచి బంతిని కొట్టి మొదటి బేసునకు పరుగెత్తును. వరుసగా అన్నింటిని చుట్టి మరల హోమ్ ప్లేటు చేరినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో జట్టు వంతు ముగియును. బ్యాటరు కొట్టిన బంతిని నేల తాకకుండ పట్టినచో బ్యాటరు ఔటు. అప్పుడు ముందే బేసు విడిచిన పరుగరులు వెనుకకు వచ్చి తమ బేసును తాకవలయును. అంతలో బంతి అచటికి చేరినచో వారును ఔటే. బంతిని పట్టకపోయినచో బ్యాటరు మొదటి బేసునకు వచ్చును. ఒక బేసున ఇద్దరు నిలువరాదు కావున అచట నున్నవాడు రెండవ బేసునకు, రెండవ బేసునందున్నవాడు మూడవదానికి కదలవలసివచ్చును. తిరునాళ్ల వరుసలో వెనుకవారు త్రోయగా ముందువారు కదలక తప్పదు గదా! ఇట్లు తప్పనిసరిగా పరుగెత్తువానిని ఔటు చేయుటకు బంతితో తాకనక్కరలేదు. వానికంటె ముందు బంతితో ఆ బేసును తాకిన చాలును. దీనిని ‘ఫోర్స్ ఔట్’ అందురు.

ఇప్పుడు కపటమునకు అవకాశ మెచటనున్నదో చూడుడు. మొదటి, రెండవ బేసులందు పరుగరులున్నారు. ఒక్కడును ఔటు కాలేదు. బ్యాటరు కొట్టిన బంతి నిట్టనిలువుగా లేచి రెండవ, మూడవ బేసుల నడుమ దిగుచున్నది. దాని క్రింద ఆటగాడు తొందరలేక నిలిచియున్నాడు. పరుగరు లేమి చేయవలయును? పరుగెత్తినచో అతడు బంతిని పట్టి, వారు విడిచిన బేసునకు విసరును. నిలిచినచో అతడు బంతిని నేలను పడనిచ్చి, ఎత్తి మూడవ బేసునకు విసరును, అచటినుండి అది రెండవ బేసునకు పోవును, ఇద్దరును ఔటు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఎంతటి వేగము గలవాడైనను, ఎంతటి తెలివి గలవాడైనను వానికి తరణోపాయము లేదు.

ఈ ఉపాయము బేస్‌బాల్‌లో వాడుకలోనికి రాగా, 19వ శతాబ్దపు తుది దశాబ్దమున అచటనే ఈ నియమమును చేర్చిరి. మొదట ఒకడు ఔటైయున్నప్పుడే అది వర్తించెడిది. 1901 నుండి ఎవరును ఔటు కానప్పుడును వర్తించునట్లు సవరించిరి. సాఫ్ట్‌బాల్‌కు ఇది అన్నగారి ఆస్తివలె సంక్రమించినది.

నియమ మిది: మొదటి, రెండవ బేసులందు గాని, మూడు బేసులందును గాని పరుగరులుండి, ఔటైనవారు ఇద్దరికంటె తక్కువయైనప్పుడు, హద్దు లోపల పైకెగసిన బంతిని లోమైదానపు ఆటగాడు సామాన్యప్రయత్నముతో పట్టగలిగినచో, పట్టినను పట్టకున్నను బ్యాటరు ఔటు. మొదటి బేసున మాత్రమే పరుగరి యున్నచో ఇది వర్తింపదు. ఏలయన బ్యాటరు కొట్టినవెంటనే పరుగెత్తినచో తాను సుఖముగా బేసు చేరును, ఔటగునది ఒక్కడే. సోమరియై నిలిచిన బ్యాటరును కాపాడుట నియమమునకు పని కాదు. సూటిగా దూసుకొనిపోవు బంతికిని, బ్యాటుతో మెల్లగా తాకి వదలు ‘బంట్’ కును ఇది చెల్లదు.

బ్యాటరు ఔటైనంతనే మొదటి బేసునకు వచ్చువాడు లేడు. కావున పరుగరులను త్రోయువారును లేరు. వారు తమ బేసులందే నిర్భయముగా నిలువవచ్చును. కొందరు ఆటగాండ్రు ఈ ప్రకటన వినగానే ఆట నిలిచినదని భ్రమపడుదురు. అది నిలువదు. బంతి నేలపాలైనచో పరుగరులు సాహసించి ముందునకు పోవచ్చును. కాని అట్లు పోవువానిని ఔటు చేయుటకు బేసును తాకిన చాలదు, వానినే బంతితో తాకవలయును. ఈ భేదము మఱచి బేసును తాకి ఊరకుండు ఆటగాండ్రు చాలమంది.

అంపైరునకు కష్టమంతయు ‘సామాన్యప్రయత్నము’ అను మాటలోనే యున్నది. అది గడ్డిపై గీచిన గీత కాదు. గాలి ఎట్లు వీచుచున్నది, ఎండ కంటిలో పడుచున్నదా, ఆటగాడు బంతి క్రింద నిలద్రొక్కుకొనెనా, లేక ఇంకను తడబడుచు పరుగెత్తుచున్నాడా, ఇవన్నియు క్షణములో తూచవలయును. అందుచే మంచి అంపైరు బంతి కొనకెక్కి దిగనారంభించువఱకు వేచి, పిమ్మట చేయి పైకెత్తి, పరుగరులకు వినబడునట్లు ఎలుగెత్తి ప్రకటించును. బంతి హద్దుగీతకు చేరువనున్నచో ‘హద్దులోపలనైతే బ్యాటరు ఔటు’ అని చేర్చును. ఎవరును తాకని బంతి హద్దు వెలుపల నిలిచినచో ఆ ప్రకటన చెల్లదు.

ఈ నిర్ణయమున ఎంత వివాదము చెలరేగగలదో 2012 అక్టోబరు 5న అట్లాంటాలో జరిగిన బేస్‌బాల్ పోటీ తెలిపినది. అట్లాంటా జట్టు ఆడుచుండ మొదటి, రెండవ బేసులందు పరుగరులుండిరి; ఒకడు ఔటు. బంతి లోమైదానమును చాలదూరము దాటి ఎగిరినది. సెయింట్ లూయిస్ ఆటగాడు వెనుకకు పరుగెత్తి, తీరా దాని చెంతకు చేరి ప్రక్కకు తొలగెను. బంతి నేలపై పడుటకు కొలది క్షణములముందు అంపైరు చేయెత్తెను. మూడు బేసులును నిండవలసిన అట్లాంటా జట్టునకు రెండవ ఔటు మిగిలినది. ప్రేక్షకులు సీసాలు, కప్పులు మైదానమునకు విసరగా ఆట 19 నిమిషములు నిలిచిపోయినది. తుదకు సెయింట్ లూయిస్ 6–3 తేడాతో గెలిచినది. అచట ఆటగాడు కపటమునకు యత్నించినట్లు కానరాదు. అయినను నియమము వాని మనస్సును విచారింపదు, బంతిని పట్టగలిగెడివాడా కాడా అనియే విచారించును. అట్లాంటా జట్టు అభ్యంతరపత్ర మిచ్చినది గాని అది ఆ రాత్రియే త్రోసివేయబడినది. సాఫ్ట్‌బాల్‌లోను ఇదియే పద్ధతి: అంపైరు నియమమును తప్పుగా అన్వయించెనని జట్టు అభ్యంతరము తెలుపవచ్చును, ఆ ప్రయత్నము సామాన్యమా, అసామాన్యమా అను విషయమున అంపైరు మాటపై అభ్యంతరము లేదు.